జోయాంథిడ్‌లను గుర్తించడం, పెంచడం: రీఫ్ ట్యాంక్ పెట్టుకున్నవారికి సమగ్ర మార్గదర్శి

ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టినవారు తొలిసారి కొనే పగడం చాలావరకు జోయాంథిడే అయి ఉంటుంది. రూపాయి బిళ్ళంత చోటులో నారింజ, ఊదా, ఆకుపచ్చ రంగులు పక్కపక్కనే వెలుగుతుంటాయి. చిన్న పొరపాట్లను తట్టుకుంటుంది. నాలుగు పాలిప్‌లు (పువ్వులాంటి చిన్న జీవులు) తెచ్చి పెడితే ఏడాదిలో రాయిని కప్పేస్తుంది. ఇంత సులువుగా బతికేది కనుకనే దీని గురించి తెలుసుకోవలసిన రెండు మూడు ముఖ్యమైన విషయాలను చాలామంది దాటవేస్తారు. వాటిలో మొదటిది, రంగు చూసి కాక ఒళ్ళు చూసి జోయాంథిడ్‌ను గుర్తించడం. అది శాస్త్రం మీద ఇష్టం ఉన్నవారికే పరిమితమైన పని కాదు. మీ ఇంట్లో మీ పిల్లల క్షేమానికీ దానికీ సూటి సంబంధం ఉంది.

ఈ జీవి శరీరం

వ్యవహారంలో మనం పగడం అంటున్నా, జోయాంథిడ్‌కు సున్నపు అస్థిపంజరం ఉండదు. కఠిన పగడాలకూ సీ ఎనిమోన్‌లకూ ఇది దగ్గరి బంధువు. ఒక్కొక్క పాలిప్‌కు కింద కాండం లాంటి గొట్టం, పైన పళ్ళెం లాంటి ముఖచక్రం, దాని నడుమ చీలిక లాంటి నోరు, అంచున రెండు వరుసల్లో స్పర్శకాలు ఉంటాయి. ఆ స్పర్శకాల అంచును పెంపకందారులు స్కర్ట్ అంటారు. పాలిప్‌లన్నీ అడుగున తోలులాంటి ఒక పొరతోనో, వేరులా పాకే తీగెలతోనో కలిసి ఉంటాయి. దానిని మ్యాట్ అంటారు. కొత్త పాలిప్ పుట్టేది ఆ మ్యాట్ నుంచే. కాబట్టి పై పువ్వు ఎంత అందంగా ఉన్నా, మ్యాట్ కుళ్ళితే ఆ గుత్తికి భవిష్యత్తు లేనట్టే.

శరీరం లోపల సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో తయారుచేసిన ఆహారంలో ఎక్కువ భాగాన్ని ఆతిథ్యమిచ్చిన పాలిప్‌కు అందిస్తాయి. మనం చూసి మురిసిపోయే మెరుపు రంగులు మాత్రం ఆ శైవలాలవి కావు. పాలిప్ తానే తయారుచేసుకునే ప్రతిదీప్తి ప్రోటీన్లు నీలి వెలుతురును పీల్చుకొని ఆకుపచ్చ, నారింజ, ఎరుపు కాంతిగా వదులుతాయి. నీలి దీపాల కింద అద్భుతంగా కనిపించిన గుత్తి పగటి వెలుతురులో గోధుమరంగుగా కనిపించడానికి కారణం ఇదే. కొనే ముందు దుకాణంలో తెల్ల దీపం కింద కూడా ఒకసారి చూపించమని అడగండి.

గుర్తింపు: రంగును పక్కనపెట్టి చూడవలసినవి

మార్కెట్లో వీటికి వందల పేర్లున్నాయి. రాస్తా, అటర్ కేయాస్, ఈగిల్ ఐ, రేడియోయాక్టివ్ డ్రాగన్ ఐ, మెజీషియన్, సన్నీ డి వంటివన్నీ అమ్మకందారులు పెట్టిన వ్యాపార నామాలు. మామిడిపండ్లకు తోటను బట్టి పేరు పెట్టినట్టు, ఒక రంగు కలయికకు ఒకరు పెట్టిన పేరు ఊరంతా పాకింది, అంతే. అదే పేరుతో ఇద్దరు అమ్మేవి రెండు వేర్వేరు జాతులు కావచ్చు. పేరును బట్టి ధర మారుతుంది తప్ప జీవి స్వభావం మారదు.

శాస్త్రజ్ఞులు సైతం చాలాకాలం రంగును నమ్మి మోసపోయారు. జపాన్ దక్షిణ తీరంలో వేర్వేరు జాతులుగా భావించిన, జోయాంథిడ్‌లలో ఒకే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన నాలుగు రకాల జోయాంథస్‌లను జన్యుపరంగా పోల్చి చూసినప్పుడు అవి ఒకే జాతికి చెందినవని జేమ్స్ రైమర్ బృందం 2004లో చూపింది. జోయాంథస్ సాన్సిబారికస్ అనే ఒక్క జాతిలోనే అన్ని రంగుల వేషాలున్నాయి. అందువల్ల ఇంట్లో కూర్చొని జాతిని కచ్చితంగా తేల్చడం మన వల్ల కాదు. ప్రజాతిని తేల్చగలిగితే చాలు, పెంపకానికి అదే సరిపోతుంది.

దీపాలు ఆరిన తరువాత పాలిప్‌లు ముడుచుకున్న వేళ, ఒక టార్చిలైటు, ఒక భూతద్దం తీసుకొని అద్దం దగ్గర కూర్చోండి. ముఖాన్ని కాదు, కాండాన్ని చూడండి. కాండం రబ్బరులా నున్నగా ఉండి, ఎక్కడా రేణువు కనబడకపోతే అది జోయాంథస్ కావడానికే ఎక్కువ అవకాశం. కాండం గరుకుగా, అరిసె మీద నువ్వులు అద్దినట్టు ఇసుక రేణువులు చర్మంలోనే పొదిగి కనిపిస్తే అది పాలిథోవా అనే మరో ప్రజాతి. ఆ ఇసుక పైన పేరుకున్నది కాదు; పాలిప్ తన కణజాలంలోకి కావాలనే చేర్చుకుంటుంది, ఎంత ప్రవాహం తగిలినా రాలదు. నాకు తెలిసిన గుర్తులన్నింటిలో నమ్మదగినది ఇదే.

మిగిలిన లక్షణాలు దీనికి తోడుగా పనికివస్తాయి. జోయాంథస్ ముఖచక్రం సాధారణంగా ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, స్పర్శకాలు పొట్టిగా మొద్దుగా ఉంటాయి. పాలిథోవా ముఖం రెండు సెంటీమీటర్లు దాటడం మామూలే, స్పర్శకాలు పొడవుగా, కొనదేలి ఉంటాయి. గోధుమ, ముదురు ఆకుపచ్చ రంగులు ఎక్కువ. ఒక చిన్న రొయ్య ముక్కను ముఖం మీద వదిలితే పాలిథోవా గుప్పిట మూసినట్టు పట్టుకుంటుంది, జోయాంథస్ చాలావరకు పట్టించుకోదు. అయితే చిన్న పాలిథోవాలూ, పెద్ద జోయాంథస్‌లూ ఉన్నాయి కనుక పరిమాణం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

ఇంకొన్ని చుట్టాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. పసుపు పాలిప్‌ల పేరుతో అమ్మేవి పారాజోయాంథస్ బంధువర్గానివి. పగలంతా విచ్చుకోకుండా, కాండం మీద బొడిపెలతో వంగి నిలబడేది ఐసారస్. అది చీకటిలోనే తెరుచుకుంటుంది. పురుగు కట్టుకున్న గొట్టం మీద కర్రకు పూసినట్టు పెరిగేది అక్రోజోయాంథస్.

జోయాంథిడ్ కానివాటిని కూడా గుర్తుపట్టాలి. స్పర్శకాలు సరిగ్గా ఎనిమిదే ఉండి, ఒక్కొక్కటి ఈకలా చీలి ఉంటే అది స్టార్ పాలిప్ వంటి మెత్తని పగడం. మ్యాట్ లేకుండా ఒంటరిగా, పారదర్శకమైన పొడవాటి స్పర్శకాలతో, ముట్టుకోగానే రాతి సందులోకి జారిపోయేది ఐప్టేసియా, అది కలుపు. ప్లగ్ (పగడం ముక్కను అతికించి అమ్మే చిన్న దిమ్మె) మీద ఒక్క ఐప్టేసియా కనిపించినా దాన్ని తీసేసిన తరువాతే ట్యాంకులో పెట్టండి.

విషం సంగతి

హవాయి దీవుల్లోని మావీలో హానా అనే ఊరి దగ్గర ఒక మడుగులో ప్రాణాంతకమైన నాచు ఉందని, స్థానికులు బల్లెం మొనలకు దాన్ని పూసేవారని పాత కథ. ఆ నాచు నిజానికి నాచు కాదు, పాలిథోవా. 1971లో రిచర్డ్ మూర్, పాల్ ష్యూయర్ దాని నుంచి పాలిటాక్సిన్ అనే విషాన్ని వేరుచేశారు. మన కణాల పైపొరల్లో సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి పంపే పంపును అది తెరిచి ఉంచిన తలుపులా మార్చేస్తుంది. దానితో కణంలోని అయాన్ల సమతుల్యం కుప్పకూలుతుంది. దీనికి విరుగుడు మందు లేదు, లక్షణాలకు చికిత్స చేయడమొక్కటే దారి. 2011లో అమెరికాలో అక్వేరియం నమూనాలను పరీక్షించినప్పుడు, విషం మెండుగా ఉన్నవి కొన్ని పాలిథోవాలేనని తేలింది. ఇసుక రేణువుల కోసం భూతద్దం పట్టుకోమన్నది అందుకే. అలాగని జోయాంథస్‌ను నిర్లక్ష్యంగా పట్టుకోవచ్చని కాదు. గుర్తింపులో పొరపాటు జరిగే వీలుంది కనుక అన్నింటినీ ఒకేలా జాగ్రత్తగా చూడాలి.

భయపడి దూరంగా ఉండవలసిన అవసరం లేదు. గుత్తి ట్యాంకులో తన మానాన తాను ఉన్నంతకాలం ప్రమాదం చాలా తక్కువ. కోసినప్పుడు, నలిపినప్పుడు, బ్రష్‌తో రుద్దినప్పుడు, అన్నింటికంటే మించి వేడినీళ్ళు పోసినప్పుడు ప్రమాదం పుడుతుంది. వేడికి ఈ విషం చెడదు. రాయిని మరిగిస్తే లేదా ఆవిరితో శుభ్రం చేస్తే తుంపర్లతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో ట్యాంకు నుంచి తీసిన పగడం వల్ల కుటుంబ సభ్యులతో పాటు, ఆదుకోవడానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. దగ్గు, జ్వరం, వణుకు, ఊపిరి ఆడకపోవడం, నోట్లో లోహపు రుచి, కళ్ళు మంట పుట్టి చూపు మసకబారడం దీని లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి, పాలిటాక్సిన్ అనే పేరు డాక్టరుగారికి కాగితం మీద రాసి ఇవ్వండి. చాలామంది వైద్యులకు ఇది అరుదైన కేసు. మీరు చెబితే తప్ప వారికి తట్టకపోవచ్చు.

ఇంటి నియమాలు ఇవి పెట్టుకోండి. చేతికి గాయం ఉంటే ట్యాంకులో చేయి పెట్టకూడదు. గుత్తిని కదిలించిన ప్రతిసారీ నైట్రైల్ గ్లౌజులు, కంటి అద్దాలు తప్పనిసరి. వాడే బకెట్లు, కత్తెరలు వంటింట్లోకి తిరిగి వెళ్ళకూడదు. వాడిన నీటిని, పనిముట్లను పారబోసే ముందు ఒక వంతు ఇంటి బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపిన ద్రావణంలో అరగంట ఉంచాలి. బ్లీచ్ ఈ విషాన్ని నిర్వీర్యం చేస్తుంది. ఆ బ్లీచ్‌లో యాసిడ్ గానీ మరే క్లీనర్ గానీ కలపకూడదు.

నీరు, ఉప్పు, ఎండాకాలం

కొత్త ట్యాంకులో నైట్రోజన్ చక్రం (వ్యర్థాలను బాక్టీరియా నైట్రేట్‌గా మార్చే క్రమం) పూర్తికావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తరువాత కూడా గోధుమరంగు డయాటమ్ (ఒక రకం సూక్ష్మ శైవలం) పొర వచ్చి పోయేదాకా, అంటే మొత్తం మీద రెండు మూడు నెలలు ఆగి జోయాంథిడ్ తేవడం మంచిది.

లవణీయత 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు), అంటే సాపేక్ష సాంద్రత 1.025 నుంచి 1.026 మధ్య ఉండాలి. ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీలు, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) 8 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలమానం), క్యాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల్లో వంతులు), మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం ఉంటే చాలు. సున్నపు ఎముక కట్టుకోదు కనుక జోయాంథిడ్ క్యాల్షియంను పెద్దగా వాడుకోదు. దానికి కావలసింది అంకెలు నిలకడగా ఉండటం.

ఇక్కడ కొత్తవారు ఎక్కువగా తప్పుచేసేది నైట్రేట్, ఫాస్ఫేట్ విషయంలో. నీరు ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిదనే నమ్మకంతో రెండింటినీ సున్నాకు తెస్తారు, ఆపైన పాలిప్‌లు ఒక్కొక్కటిగా చిన్నబోయి కరిగిపోతుంటే కారణం తెలియక కంగారుపడతారు. ప్రకృతిలో జోయాంథిడ్‌లు చాలావరకు ఒడ్డుకు దగ్గరగా, పోషకాలు పుష్కలంగా ఉండే లోతు తక్కువ నీళ్ళలో పెరుగుతాయి. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచడం వాటికి మేలు.

మన ఊళ్ళలో ఉండే రెండు ఇబ్బందులను విడిగా చెప్పాలి. మొదటిది నీళ్ళు. హైదరాబాదు బోరునీళ్ళు సంగతి సరే, ఇంట్లో తాగునీటికి పెట్టుకున్న ఆర్వో యంత్రం నీళ్ళు కూడా దీనికి పనికిరావు. రుచి కోసం చాలా యంత్రాలు కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతాయి. ఆర్వో తరువాత డీఐ రెజిన్ (మిగిలిన అయాన్లను పట్టేసే గుళికలు) గుండా పోయి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపించే నీళ్ళలోనే ఉప్పు కలపాలి. ఉప్పు శాతాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ ద్రావణంతో నెలకొకసారి సరిచూసుకోండి.

రెండవది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోని ట్యాంకు 30 డిగ్రీలు దాటడం ఎంతోసేపు పట్టదు. హైదరాబాదు లాంటి పొడి ఊళ్ళో నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖపట్నం, కాకినాడల్లో గాలిలో తేమ ఎక్కువ కనుక అదే ఫ్యాను అంతగా పనిచేయదు, అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే శరణ్యం. ఫ్యాను తిప్పినప్పుడు ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. నా 200 లీటర్ల ట్యాంకులో ఎండాకాలంలో రోజుకు నాలుగైదు లీటర్లు తగ్గుతాయి. ఆ లోటును ఉప్పు కలపని డీఐ నీటితోనే, వీలైతే తగ్గిన నీటిని తానే నింపే ఆటో టాప్‌అప్‌తో పూడ్చాలి. కరెంటు పోయినప్పుడు నడిచేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.

కొనడం, డిప్ చేయడం, విడిగా ఉంచడం

ట్యాంకుల్లో పెంచి కోసిన ముక్కలనే కొనండి. విశాఖ తీరంలో ఆటు సమయంలో బయటపడే రాళ్ళ మీద కూడా జోయాంథిడ్‌లు కనిపిస్తాయి. వాటిని చూసి ఆనందించి వదిలేయాలి తప్ప గీకి ఇంటికి తేకూడదు. మన దేశంలో కఠిన పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. రాయితో పాటు వాటి ముక్క వచ్చినా అది నేరమే.

దుకాణంలో విచ్చుకున్న పాలిప్‌లను కాక, మ్యాట్‌ను, ప్లగ్ అడుగును చూడండి. మ్యాట్ గట్టిగా, అంచున కొత్త మొగ్గలతో ఉంటే మంచిది. తెల్లని మెత్తదనం, దుర్వాసన ఉంటే వద్దు.

ఇంటికి తెచ్చాక సంచిని పదిహేను, ఇరవై నిమిషాలు ట్యాంకు నీటిలో తేల్చి, అరగంట డ్రిప్ పద్ధతిలో (ట్యాంకు నీటిని చుక్కలు చుక్కలుగా కలుపుతూ) నీటికి అలవాటు చేసి, ఆ తరువాత పురుగులను చంపే పగడాల డిప్ ద్రావణంలో సీసా మీద రాసినంతసేపు ఉంచి, చిన్న పిపెట్‌తో నీటిని పాలిప్‌ల సందుల్లోకి గట్టిగా ఊదండి. గిన్నె అడుగున ఏం రాలిందో భూతద్దంతో చూడండి. జోయాంథిడ్‌లను తినే నుడిబ్రాంక్ (చిప్ప లేని సముద్రపు నత్త) ఇక్కడే దొరకాలి. అది తిన్న పాలిప్ నుంచి శైవలాలను తన వీపు మీది పోగుల్లో దాచుకుంటుంది కనుక అచ్చం ఆ పాలిప్ రంగులోనే ఉంటుంది. నలుపు తెలుపు గళ్ళ చుట్టలతో ఉండే సన్‌డయల్ నత్త, కాళ్ళే తప్ప ఒళ్ళు లేనట్టుండే సముద్రపు సాలీడు కూడా ఇదే కోవకు చెందిన శత్రువులు.

డిప్ పురుగులను చంపుతుంది, గుడ్లను చంపదు. గుడ్లు తెల్లని జిగట దారం చుట్టచుట్టినట్టు కాండం మొదట్లోనో, ప్లగ్ అడుగునో అంటుకొని ఉంటాయి. అందుకే వీలైతే పాత ప్లగ్‌ను పారేసి కొత్తదానిపై అతికించి, విడి ట్యాంకులో నాలుగు వారాలు ఉంచి, వారానికొకసారి డిప్ చేయాలి. ఒకసారి నేను తొందరపడి ఈ నాలుగు వారాలూ ఆగలేదు. పద్దెనిమిది పాలిప్‌ల నారింజ గుత్తి తొమ్మిది రోజులు మూసుకునే ఉంది. పదవ రాత్రి టార్చి వేసి చూస్తే, ఒక స్పర్శకాల కుచ్చు మెల్లగా నడిచి పక్క పాలిప్ మీదికి ఎక్కింది. అప్పటికి మిగిలినవి ఏడు.

వెలుతురు, ప్రవాహం, చోటు

కొత్త ముక్కను మొదట అడుగున ఇసుక మీద పెట్టండి. రెండు వారాల తరువాత కొంచెం కొంచెంగా పైకి జరపండి. శైవలాలకు పనికివచ్చే వెలుతురును కొలిచే పార్ మీటరు ఉంటే 75 నుంచి 150 మధ్య చాలా రకాలు సుఖంగా ఉంటాయి. మీటరు లేకపోయినా పాలిప్ చెబుతుంది: వెలుతురు చాలకపోతే కాండం పొడవుగా సాగి ముఖం దీపం వైపు ఎత్తుతుంది, ఎక్కువైతే పొట్టిగా రాతికి అంటుకొని, రంగు పాలిపోయి, సగమే విచ్చుకుంటుంది. దీపాన్ని మార్చితే రంగు కూడా మారవచ్చు. కొన్న నాటి ఫొటోలోని రంగు రాలేదని రెండు రోజులకొకసారి చోటు మార్చకండి. ఒక్కో చోట కనీసం మూడు వారాలు ఉంచి చూడండి.

ప్రవాహం స్పర్శకాలను తేలికగా ఊపేంత ఉండాలి, ముఖాన్ని వంచేంత కాదు. మ్యాట్ మీద చెత్త పేరుకోకుండా చూడటమే దాని అసలు పని. పంపును గుత్తికి సూటిగా పెట్టకండి, ఎదురు గోడకు తగిలి తిరిగొచ్చేలా పెట్టండి.

చోటు విషయంలో నా సలహా గట్టిది: పాలిథోవాను ప్రధాన రాతి కట్టడం మీద ఎప్పుడూ పెట్టకండి. ఇసుక నడుమ విడి రాయి మీద, ద్వీపంలా ఉంచండి. అది పక్కనున్న చిన్న జోయాంథస్‌లను కమ్మేసి పెరిగిన తరువాత తీయాలంటే గీకక తప్పదు, గీకడమంటే పైన చెప్పిన విషాన్ని మీరే పిలిచినట్టు.

మేత

మంచి వెలుతురు, చేపలు ఉన్న ట్యాంకులో జోయాంథస్‌కు వేరే మేత పెద్దగా అక్కర్లేదు. పాలిథోవాకు వారానికొకసారి మైసిస్ రొయ్య ముక్క ఇస్తే తొందరగా పెరుగుతుంది. పెట్టేటప్పుడు పంపులు పది నిమిషాలు ఆపి, తినకుండా మిగిలింది తీసేయండి.

పాలిప్ ముడుచుకుంటే ఎక్కడ వెతకాలి

ఒకటి రెండు రోజులు మూసుకోవడం మామూలే. పైపొరను వదిలించుకునేటప్పుడు కూడా ముడుచుకుంటాయి. మూడు రోజులు దాటితే వరుసగా చూడండి. గుత్తి మొత్తం మూసుకుంటే ముందుగా లవణీయత, ఉష్ణోగ్రత, ఆల్కలినిటీ కొలవండి. ఒక పక్కవే మూసుకుంటే అటువైపు నీడ, పక్క పగడం కాటు, నాచు పోగులు, పురుగులు వెతకండి. ఎక్కడో ఒకటీ అరా మూసుకుంటే రాత్రి టార్చితో శత్రువుల కోసం చూడండి. కాండం మీద ఆవగింజ కంటే చిన్న తెల్లని పొక్కులు కనిపిస్తే ఆ ముక్కను వెంటనే వేరుచేయండి. మ్యాట్ మెత్తబడి కరుగుతుంటే, ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని కోసి విడదీయడమొక్కటే మిగిలిన దారి.

గుత్తిని విడదీయడం

గుత్తి ప్లగ్ అంచు దాటాక విడదీయవచ్చు. గాలి ఆడే బాల్కనీలో, పిల్లలు, పెంపుడు జంతువులు లేని వేళ చేయండి. గ్లౌజులు, కంటి అద్దాలు, మాస్కు పెట్టుకోండి. తుంపర్లు రేపే మిషన్ రంపం వాడకండి. పళ్ళెంలో ట్యాంకు నీరు పోసి, పాలిప్‌లు మూసుకునేదాకా ఆగి, పాలిప్‌ను కాక రెండు పాలిప్‌ల మధ్యనున్న మ్యాట్‌ను కొత్త స్కాల్పెల్ బ్లేడుతో ఒక్క గీతలో కోయండి. మూడు నాలుగు పాలిప్‌ల కంటే చిన్న ముక్క చేయవద్దు. ముక్క అడుగును టిష్యూతో అద్ది, ప్లగ్ మీద సయనోఅక్రిలేట్ జెల్ జిగురు చుక్క వేసి, పది సెకన్లు ఒత్తి పట్టి, వేరే గిన్నెలోని శుభ్రమైన ట్యాంకు నీటిలో కడిగి, మెల్లని ప్రవాహంలో తక్కువ వెలుతురులో పెట్టండి. పని ముగిశాక బల్లనూ పనిముట్లనూ బ్లీచ్ ద్రావణంతో తుడిచి, గ్లౌజులను లోపలి వైపు బయటికి వచ్చేలా తీసి పారేయండి.

వారంలోపు పాలిప్‌లు మళ్ళీ విచ్చుకుంటాయి. మూడు నాలుగు వారాలకు మ్యాట్ జిగురు చుక్కను దాటి ప్లగ్ మీదికి పలుచని పొరలా పాకుతుంది. ఆ పొర అంచున ఒకచోట గసగసాల గింజంత బుడిపె లేస్తుంది. ఇంకో పది రోజులకు దాని కొసన చిన్న చీలిక, చుట్టూ ఇంకా రంగు తిరగని స్పర్శకాలు కనిపిస్తాయి.